పొట్టి కాళ్ళకు ఎంత క్రాంకు?

సైకిల్ ఇరుసుకూ పెడల్‌కూ మధ్య ఉండే చెయ్యిలాంటి కడ్డీ క్రాంకు. దాని పొడవును ఆ కొస నుంచి ఈ కొసకు కొలవరు. ఇరుసు నడిమి నుంచి పెడల్ బిగించే రంధ్రం నడిమిదాకా ఉన్న దూరమే లెక్క. పెద్దవాళ్ళ సైకిళ్ళలో ఇది మామూలుగా 165 నుంచి 175 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఎక్కువ సైకిళ్ళకు ఉండేది 170. పాదం ఎంత పెద్ద వలయంలో తిరగాలో ఈ ఒక్క కొలతే నిర్ణయిస్తుంది. 170 మిల్లీమీటర్ల క్రాంకు మీద పాదం చుట్టుకొకసారి 34 సెంటీమీటర్లు పైకి లేచి, అంతే కిందికి దిగుతుంది. ఇంటి మెట్టు ఎత్తు 15 నుంచి 17 సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, ఇది రెండేసి మెట్లు ఒకే అంగలో ఎక్కినట్టు. నిమిషానికి డెబ్భై చుట్లు తొక్కేవారు గంటలో ఒక్కో కాలితో 4,200 సార్లు ఆ పని చేస్తారు. కాలు పొడుగైనవారికి ఆ ఎత్తు లెక్కలోకి రాదు. పొట్టివారికి వస్తుంది.

సైకిల్ కంపెనీలు మనిషి ఎత్తును బట్టి ఫ్రేమును మారుస్తాయి. ఒకే మోడల్‌ను చిన్న, మధ్యరకం, పెద్ద సైజుల్లో అమ్ముతాయి. సీటు గొట్టం పొడవు మారుతుంది, హ్యాండిల్ దూరం మారుతుంది, మంచి సైకిళ్ళలో హ్యాండిల్ వెడల్పు కూడా మారుతుంది. క్రాంకు దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ కనిపించదు. అతి చిన్న ఫ్రేముకు 165, అతి పెద్ద ఫ్రేముకు 175. అంటే తేడా నూటికి ఆరు పాళ్ళు. ఆ ఫ్రేముల మీద కూర్చునే మనుషుల ఎత్తుల్లో తేడా మాత్రం నూటికి పాతిక నుంచి ముప్ఫై పాళ్ళదాకా ఉంటుంది. చవక సైకిళ్ళలో ఆ పది మిల్లీమీటర్ల మార్పు కూడా దండగే అనుకుని, అన్ని సైజులకూ 170 బిగించేసేవారున్నారు.

దీని ఫలితం ఎవరి మీద పడుతుందో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం భారతీయ మహిళ సగటు ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే అయిదడుగులు. స్లొవేనియా రేసర్ తదేయ్ పొగాచార్ ఎత్తు 176 సెంటీమీటర్లు. అయిదడుగుల మనిషి 170 క్రాంకు తొక్కడమంటే, అదే నిష్పత్తిలో పొగాచార్ 197 మిల్లీమీటర్ల క్రాంకు తొక్కినట్టు. ఆయన అంత పొడుగు క్రాంకు జోలికి పోలేదు సరికదా, 2024లో 165 క్రాంకుతో జిరో ద ఇటాలియా, టూర్ ద ఫ్రాన్స్ రేసులు రెండూ గెలిచాడు. ఆయన నిష్పత్తినే అయిదడుగుల మనిషికి వర్తింపజేస్తే వచ్చేది 142, 143 మిల్లీమీటర్లు. ఆ కొలత క్రాంకు పెద్దవాళ్ళ సైకిళ్ళ దుకాణంలో అడిగితే వింతగా చూస్తారు.

మొదట్లో పరిస్థితి ఇలా లేదు. 1870లలో, 80లలో ఇంగ్లండులో తిరిగిన పెద్ద ముందుచక్రం సైకిళ్ళకు పెడళ్ళు ఆ చక్రం ఇరుసుకే ఉండేవి. వాటిలో చాలావాటి క్రాంకులకు రంధ్రం బదులు పొడుగాటి గాడి ఉండేది. తొక్కేవారి కాలును బట్టి పెడల్‌ను ఆ గాడిలో ముందుకో వెనక్కో జరిపి బిగించేవారు. 1885లో కవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిల్‌తో గొలుసు, దాదాపు సమానమైన చక్రాలు వచ్చి, ఇప్పటి సైకిల్ ఆకారం స్థిరపడింది. గొలుసు వచ్చాక క్రాంకు పొడవు కూడా కొద్ది కొలతల్లో బిగుసుకుపోయింది. ఇంగ్లండు రోడ్‌స్టర్లకు ఆరున్నర అంగుళాలు, అంటే 165 మిల్లీమీటర్లు, మామూలైంది. పొడవు మారిన ప్రతిసారీ కర్మాగారంలో అచ్చు మార్చాలి, సరుకు వేరుగా నిల్వ చెయ్యాలి. అమ్మకం తక్కువ ఉన్న కొలతకు ఆ ఖర్చు ఎవరూ పెట్టుకోరు. ఈ ప్రమాణం నిలబడడానికి శరీరశాస్త్రం కంటే కొట్టు లెక్కలే ఎక్కువ కారణం.

పొడుగు క్రాంకు ఇబ్బంది పెట్టేది పెడల్ పైకి వచ్చినప్పుడు. అక్కడ మోకాలు బాగా ముడుచుకుంటుంది, తొడ పొట్ట వైపు లేస్తుంది. ముడుచుకున్న మోకాలితో గట్టిగా నొక్కడం మొదలుపెట్టగానే మోకాలి చిప్ప వెనకాల ఒత్తిడి పెరుగుతుంది. హ్యాండిల్ మీదికి వంగి తొక్కే సైకిలైతే తుంటి దగ్గర కూడా చోటు చాలదు. తొడ పైకి రావడానికి దారి లేక మోకాలు బయటికి తిరుగుతుంది, లేదా నడుము ఒక పక్కకు ఒరుగుతుంది. వెనక నుంచి చూస్తే ఇది స్పష్టంగా పట్టుబడుతుంది. సీటు మీద పిరుదులు అటూ ఇటూ ఊగుతుంటాయి, పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు హ్యాండిల్ గీత దాటి పక్కకు వెళ్ళి మళ్ళీ లోపలికి వస్తుంది. చూసేవారు తొక్కడం చేతకాదనుకుంటారు.

దీన్ని సీటుతో సర్దుదామనుకుంటే కుదరదు. మోకాలు ముడుచుకుంటోందని సీటు పైకెత్తితే, పెడల్ కిందికి వెళ్ళినప్పుడు కాలు అందదు. కాలి వేళ్ళతో అందుకోవలసి వస్తుంది, నడుము ఊగుతుంది. అందడం లేదని సీటు దించితే పైన మోకాలు ఇంకా ముడుచుకుంటుంది. పైన సుఖపెడితే కింద, కింద సుఖపెడితే పైన. పొట్టివారు సైకిల్ దుకాణానికి పదిసార్లు వెళ్ళి సీటు ఎక్కించి దించి విసిగిపోయేది ఈ చిక్కు వల్లనే. కాలు చాచే దూరం, ముడిచే దూరం రెండూ ఒక్కసారిగా తగ్గాలంటే వలయమే చిన్నది కావాలి. అది సీటు చేతిలో లేదు.

తెలుగు ఊళ్ళలో పిల్లలు పెద్దవాళ్ళ సైకిల్ నేర్చుకున్న పద్ధతిలో ఈ విషయం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. నాన్న సైకిల్ సీటు అందని పిల్లవాడు బారు కింద నుంచి కాలు దూర్చి అడ్డతొక్కుడు తొక్కేవాడు. తెలంగాణలో కైంచీ అన్నదీ ఇదే. మొదట్లో పూర్తి చుట్టు తిరిగేది కాదు. పెడల్‌ను సగందాకా తొక్కి, వెనక్కి తెచ్చి, మళ్ళీ సగం తొక్కేవాడు. బారు అడ్డమూ కాలి పొట్టితనమూ కలిసి పైన ఉన్న సగం వలయాన్ని అందనిచ్చేవి కావు. ఎదిగాక సీటెక్కినవాడు దాన్ని మరిచిపోతాడు. ఎదిగినా అయిదడుగులు దాటనివారికి మాత్రం ఆ పై సగంతో పేచీ కొనసాగుతుంది, కాకపోతే తక్కువ మోతాదులో.

క్రాంకు పొట్టిదైతే బలం తగ్గుతుందన్న భయం పాతది. మీట పొడుగైతే పని తేలికన్న సూత్రం బడిలో చదివినదే. ఆ సూత్రం తప్పు కాదు, కానీ సైకిల్లో అది సగం కథే. 2001లో జేమ్స్ మార్టిన్, వనీన్ స్పిర్డూసో అనే అమెరికన్ పరిశోధకులు పదహారు మంది శిక్షణ పొందిన సైక్లిస్టులను 120, 145, 170, 195, 220 మిల్లీమీటర్ల క్రాంకులతో కొద్ది సెకన్లపాటు సర్వశక్తులూ ఒడ్డి తొక్కించారు. అన్నిటికంటే ఎక్కువ శక్తి వచ్చింది 145 క్రాంకుతో, సగటున 1,194 వాట్లు. అన్నిటికంటే తక్కువ 220తో, 1,149 వాట్లు. 120 నుంచి 220కి పొడవు దాదాపు రెట్టింపయినా, శక్తిలో అతి పెద్ద తేడా నూటికి నాలుగు పాళ్ళే. 145కూ 170కీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మరుసటి ఏడు మార్టిన్ కూడా పాల్గొన్న మరో పరిశోధనలో, మామూలు వేగంతో తొక్కేటప్పుడు శరీరం ఖర్చుపెట్టే శక్తిని కొలిచారు. 145, 170, 195 క్రాంకులను నిమిషానికి 40 నుంచి 100 చుట్లదాకా తిప్పించి చూస్తే, ఖర్చును నిర్ణయించేది ఎంత శక్తి పుట్టిస్తున్నారన్నదీ, పాదం ఎంత వేగంగా కదులుతోందన్నదీ తప్ప క్రాంకు పొడవు కాదని తేలింది.

ఈ ఫలితాలను రెండు వైపులా చదవాలి. పొట్టి క్రాంకు వేస్తే బలం పోదు. అలాగని బలం పెరిగిపోతుందని ఆశపడడానికీ లేదు. 170తో తొక్కినా పొట్టివారు గరిష్ఠ శక్తిలో నష్టపోయేది నూటికి అర పాలు మించదని ఆ మొదటి పరిశోధనే చెప్పింది. కాబట్టి పొట్టి క్రాంకు ఎంచుకోవడానికి కారణం వేగం కాదు. మోకాలు, తుంటి, నడుము.

మీట సూత్రం చేసే పని ఎంతో కూడా లెక్కగట్టవచ్చు. సమతలం రోడ్డు మీద కొంచెం చురుగ్గా వెళ్ళడానికి 150 వాట్లు కావాలనుకుందాం. నిమిషానికి 80 చుట్లు తిప్పేవారు 170 క్రాంకు మీద సగటున సుమారు 105 న్యూటన్ల బలంతో నొక్కాలి. 155 క్రాంకు మీద అది 115 న్యూటన్లు దాటుతుంది. పెరిగింది ఒక కిలో బరువంత. అది కూడా అక్కర్లేదనుకుంటే ఒక గేరు తగ్గించి, 80కి బదులు 88 చుట్లు తిప్పితే సరి. అప్పుడు బలం మళ్ళీ 105 న్యూటన్లే, పాదం గంటలో తిరిగే దూరం కూడా దాదాపు అంతే. పొట్టి క్రాంకు మీద కాలు సహజంగానే కాస్త వడిగా తిరుగుతుంది. మార్టిన్ పరీక్షల్లో కూడా గరిష్ఠ శక్తి వచ్చే చుట్ల సంఖ్య 220 క్రాంకు మీద నిమిషానికి 110 ఉంటే, 120 క్రాంకు మీద 136 ఉంది.

గేర్లు లేని సైకిలుకు ఈ సర్దుబాటు పళ్ళచక్రంతో చెయ్యాలి. 170 క్రాంకుతో 44 పళ్ళ చైన్‌వీలు ఉన్న సైకిలుకు 155 క్రాంకు వేస్తే, 40 పళ్ళ చైన్‌వీలు వేసినప్పుడు తొక్కడం బరువు మునుపటిలాగే ఉంటుంది. గొలుసు కొన్ని లింకులు తీసి బిగించుకోవాలి. ఇది చెయ్యకుండా క్రాంకు మాత్రమే మార్చినవారు వంతెన ఎక్కేటప్పుడు తొక్కడం బరువెక్కిందని, పొట్టి క్రాంకు పనికిరాదని తీర్మానించేస్తారు.

సరైన పొడవు తెలుసుకోవడానికి మనిషి ఎత్తు కంటే కాలి పొడవు మంచి ఆధారం. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి మొండెం పొడుగు, ఒకరికి కాళ్ళు పొడుగు ఉండడం మామూలే. కొలవడానికి ఒక గట్టి అట్ట పుస్తకం, టేపు చాలు. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి నిలబడాలి. పాదాల మధ్య ఒక జానెడు ఎడం ఉండాలి. పుస్తకాన్ని కాళ్ళ మధ్య నిలువుగా పెట్టి, వెన్ను అంచు పైకి ఉండేట్టు, సీటు ఒత్తినంత గట్టిగా పైకి నొక్కాలి. పుస్తకం ఒక అంచు గోడకు పూర్తిగా ఆనితేనే అది వంకర లేకుండా ఉన్నట్టు. పై అంచు గోడకు తగిలినచోట పెన్సిల్ గీత పెట్టి, నేల నుంచి ఆ గీతదాకా కొలవాలి. ప్యాంటు లోపలి కుట్టు పొడవు దీనికి బదులు కాదు, అది చాలా తక్కువ చూపిస్తుంది.

అమెరికాలో కొలరాడోకు చెందిన ఫ్రేముల తయారీదారు లెనార్డ్ జిన్ ఈ కొలతలో నూటికి 21 నుంచి 21.6 పాళ్ళు క్రాంకు పొడవుగా తీసుకొమ్మంటాడు. జిన్ స్వయంగా ఆరున్నర అడుగుల మనిషి. తనలాంటి పొడుగువారికి క్రాంకులు చాలడం లేదన్న అసంతృప్తి నుంచి మొదలైన లెక్క అది. పొట్టివారికి కూడా అంతే పనికొస్తుంది. గజ్జ నుంచి నేలకు 70 సెంటీమీటర్లున్న మనిషికి ఈ లెక్కన వచ్చేది 147 నుంచి 151 మిల్లీమీటర్లు. 74 సెంటీమీటర్లకు 155 నుంచి 160. 78 ఉంటే 164 నుంచి 168, అంటే దుకాణంలో దొరికే 165 వారికి ఇప్పటికే సరిపోతుంది. మార్టిన్ పరిశోధన మరో కొలత ఇచ్చింది. గరిష్ఠ శక్తికి అనువైన క్రాంకు మోకాలి కింది పెద్ద ఎముక పొడవులో నూటికి 41 పాళ్ళు. ఈ సూత్రాల మధ్య అయిదారు మిల్లీమీటర్ల తేడా వస్తే కంగారు పడనక్కర్లేదు. అయిదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా శరీరం సర్దుకుంటుంది. ఇరవై మిల్లీమీటర్లు ఎక్కువైతేనే పేచీ.

మోకాలి నొప్పి ఉన్నవారు, తుంటి ముడుచుకోనివారు, పొట్ట ఉన్నవారు లెక్కలో వచ్చిన దానికంటే ఒక మెట్టు తగ్గించుకున్నా నష్టం లేదు. మోకాలి శస్త్రచికిత్స తర్వాత వ్యాయామానికి సైకిల్ తొక్కించే ఫిజియోథెరపిస్టులకు ఇది తెలిసిన సంగతే. మామూలు క్రాంకుతో పూర్తి చుట్టు తిరగాలంటే మోకాలు 105 నుంచి 110 డిగ్రీలదాకా ముడుచుకోవాలి. అంత ముడవలేనివారికి పెడల్‌ను ఇరుసుకు దగ్గరగా జరిపి బిగించే ముక్కలు దొరుకుతాయి. అవే ముక్కలను ఇద్దరు తొక్కే సైకిళ్ళలో వెనక కూర్చునే పిల్లల కోసం కూడా వాడతారు.

చిన్న ఫ్రేముల్లో పొట్టి క్రాంకుకు ఇంకో లాభం ఉంది. చిన్న ఫ్రేముకు పెద్ద చక్రం బిగించినప్పుడు ముందుచక్రం పాదానికి మరీ దగ్గరగా వస్తుంది. నెమ్మదిగా పోతూ హ్యాండిల్ బాగా తిప్పినప్పుడు బూటు కొన చక్రానికి తగులుతుంది. సందు మలుపులో ఇది మనిషిని పడేస్తుంది. క్రాంకు పదిహేను మిల్లీమీటర్లు తగ్గితే బూటు కొన కూడా అంతే వెనక్కి వస్తుంది. అమెరికాలో జార్జీనా టెర్రీ 1985లో మహిళల కోసం సైకిళ్ళ కంపెనీ పెట్టినప్పుడు ఈ సమస్యకు మరో దారి వెతికింది. వెనక మామూలు చక్రం ఉంచి, ముందు 24 అంగుళాల చిన్న చక్రం వేసింది. ఆ సైకిళ్ళు చూడటానికి వింతగా ఉండేవి, కానీ పొట్టి మహిళల కొలతల నుంచి మొదలుపెట్టి గీసిన సైకిళ్ళవి.

దుకాణంలో దొరకడం వేరే కథ. విడిభాగాల కంపెనీ షిమానో తన పైశ్రేణి రకాలు డ్యూరా ఏస్, అల్టెగ్రాల్లో 160 మిల్లీమీటర్ల క్రాంకు కూడా తయారుచేస్తోంది. అంతకంటే పొట్టివి కావాలంటే చాలావరకు చిన్న తయారీదారులను వెతకాలి, ధర కూడా ఎక్కువే. మామూలు సైకిలుకు చవకైన దారి పిల్లల సైకిళ్ళ క్రాంకులు. ఆరంగుళాల క్రాంకు అంటే 152 మిల్లీమీటర్లు. కాటర్ పిన్నుతో బిగించే పాత తరహా సైకిలుకు అలాంటిది పెట్టించేటప్పుడు ఇరుసు లావు, పిన్ను లావు సరిపోతున్నాయో లేదో మెకానిక్ చూడాలి. వదులుగా కూర్చున్న పిన్ను వారం తిరక్కుండా అరిగిపోతుంది, క్రాంకు ఇరుసు మీద టకటకలాడుతుంది. కుడి క్రాంకుకు చైన్‌వీలు అతికే ఉంటుంది గనక రెండూ కలిపే మారతాయి. పెడల్ మర కూడా ఒకటే కావాలి. పెద్ద సైకిళ్ళ పెడళ్ళకు 9/16 అంగుళం, కొన్ని పిల్లల సైకిళ్ళకు అర అంగుళం మర ఉంటుంది. ఎడమ పెడల్ మర అపసవ్యంగా తిరుగుతుందన్నది మెకానిక్‌కు చెప్పనక్కర్లేదు, ఇంట్లో విప్పేవారికి చెప్పాలి.

ఉన్న క్రాంకు ఎంతో తెలుసుకోవడం సులువే. పెడల్ దగ్గర క్రాంకు లోపలివైపు గుడ్డతో తుడిస్తే, గ్రీజు కింద 170 అనో 165 అనో చెక్కిన అంకె చాలా సైకిళ్ళలో కనిపిస్తుంది. లేకపోతే స్కేలుతో నడిమి నుంచి నడిమికి కొలవాలి.

పిల్లల విషయంలో లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. నాలుగడుగుల పిల్లకు గజ్జ నుంచి నేలకు సుమారు 55 సెంటీమీటర్లుంటే, తగిన క్రాంకు 115 నుంచి 120 మిల్లీమీటర్లు. ఆ వయసు పిల్లల సైకిళ్ళకు చాలావరకు అంతకంటే పొడుగువే వస్తాయి. ఎదిగే పిల్ల కదా అని రెండేళ్ళు ముందుగానే పెద్ద సైకిల్ కొనే ఇళ్ళలో ఈ తేడా మరీ పెరుగుతుంది. పిల్ల మోకాళ్ళు హ్యాండిల్‌కు తగులుతున్నాయంటే ఫ్రేము కంటే ముందు క్రాంకు చూడాలి.

క్రాంకు మార్చాక సీటు పాత చోటే ఉంచితే మార్పు సగమే అందుతుంది. 170 తీసి 155 వేస్తే, కింద కాలు మునుపటిలాగే చాచుకోవడానికి సీటు 15 మిల్లీమీటర్లు పైకెత్తాలి. అప్పుడు పైన పాదానికీ సీటుకూ మధ్య దూరం 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మోకాలికి దొరికే ఊరట అదే. సీటును కొద్దిగా వెనక్కి కూడా జరపాలి, ఎందుకంటే క్రాంకు అడ్డంగా ముందుకు ఉన్నప్పుడు పెడల్ మునుపటికంటే వెనక్కి వస్తుంది. సీటు లేచినందువల్ల హ్యాండిల్ పల్లంగా అనిపిస్తే దాన్ని కూడా ఎత్తుకోవచ్చు. ఒక అసౌకర్యం మిగులుతుంది. సీటు లేచింది గనక ఆగినప్పుడు నేల అందడం మునుపటికంటే కష్టం. ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర సీటు దిగి, బారుకు అటూ ఇటూ కాళ్ళుపెట్టి నిలబడే అలవాటు లేనివారు దాన్ని నేర్చుకోవాలి. ఇరుసు కిందికి ఉండేలా మొత్తం ఫ్రేమునే పొట్టి క్రాంకుకు తగ్గట్టు గీస్తే ఈ బాధ ఉండదు, కానీ అలాంటి ఫ్రేములు అరుదు.

మొదటి కొన్ని రోజులు పెడళ్ళు పిల్లల సైకిల్లోలాగా గబగబా తిరుగుతున్నట్టు అనిపిస్తాయి. గేరు తగ్గించి తొక్కితే ఆ భావం పోతుంది. కొన్ని వారాల తర్వాత కూడా మోకాలి ముందుభాగంలో నొప్పి ఉంటే సీటు ఇంకా పల్లంగా ఉందేమో చూడాలి. మోకాలి వెనక నొప్పి వస్తుంటే సీటు ఎక్కువ లేచి ఉండవచ్చు. ఒక్కసారికి మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించి కదపకుండా, రెండు మూడు రోజులు తొక్కి చూసి మళ్ళీ సర్దాలి. ఆ నొప్పి తొక్కనప్పుడు కూడా వస్తుంటే, మోకాలు వాస్తుంటే, అది సైకిల్ మెకానిక్ చూడవలసింది కాదు, ఎముకల డాక్టరు చూడవలసింది.